కరెంటు స్తంభం మీద వచ్చిన నెట్: మన ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ ఎందుకు పోతుంది?

ఈ ఎపిసోడ్ పెంటపాడులో మా డాబా మీద నుంచి చేస్తున్నాను. నా వెనకాల కరెంటు స్తంభం కనపడుతోంది కదా, పైన కరెంటు తీగలు, వాటి కింద నల్ల తీగల చుట్ట ఒకటి వేలాడుతోంది. అందులో ఒక సన్నటి తీగ మా ఇంటి నెట్. ఈరోజు కథంతా ఆ తీగదే. అసలు అది ఆ స్తంభం ఎక్కడానికి ఎన్నేళ్లు పట్టింది, ఎక్కాక ఎందుకు మాటిమాటికీ పోతోంది, పోయినప్పుడు మనం ఏం చూసుకోవాలి అనేది మాట్లాడుకుందాం.

2021 వానాకాలం. నేను అప్పటికి ఇంకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నాను. లాక్‌డౌన్‌కి హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చేశాను. ఈలోగా మా మామ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అమ్మ ఒక్కత్తే లేపలేదు, కూర్చోబెట్టలేదు. నేను ఉండాల్సిందే. కానీ మా నెట్ ఏమో రోజుకి అయిదారుసార్లు పోయేది. మీటింగ్‌లో నేను మాట్లాడుతూనే ఉంటాను, అవతల వాళ్లకి నా మొహం బొమ్మలా ఆగిపోయి ఉంటుంది. చివరికి మా మేనేజర్ చెప్పేశాడు: "నెల రోజులు టైం ఇస్తున్నాను. నెట్ సెట్ అవ్వకపోతే హైదరాబాద్ వచ్చెయ్." అంటే నెట్ బాగవ్వకపోతే మామ్మని వదిలి వెళ్లాలి, లేదా ఉద్యోగం వదలాలి. అదండీ సంగతి.

మా కనెక్షన్ ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రౌటర్ ఆపి ఆన్ చెయ్యండి సార్" అంటారు. మా కేబుల్ మావయ్యకి చేస్తే "పైన్నుంచే ప్రాబ్లమ్ అండి బాబూ" అంటాడు. పైవాళ్లని అడిగితే "మీ ఇంట్లో వైఫై సరిగ్గా లేదు" అంటారు. ఎవరిని అడిగినా తప్పు పక్కవాడి ముక్కలోనే ఉంది. నేనేమో బీటెక్ చదివి, ఆఫీసులో వేల లైన్ల కోడ్‌లో బగ్ పట్టుకునేవాణ్ణి, ఇంట్లో మాత్రం రోజుకి ఇరవైసార్లు రౌటర్ స్విచ్ నొక్కుతూ కూర్చున్నాను.

ఒకరోజు మంచం మీద నుంచి మా మామ్మ అంది: "పొలానికి నీళ్లు రాకపోతే మీ తాతయ్య ధవళేశ్వరం వెళ్లేవారేంట్రా? ముందు మన బోదె చూసేవారు. తర్వాత తూము, ఆ తర్వాత కాలవ. ఎక్కడిదాకా నీళ్లున్నాయో చూస్తే గండి ఎక్కడుందో తెలిసిపోద్ది కదా."

నిజమే కదా! మన డెల్టాలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి జనానికి తెలిసిన విద్య ఇది. విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలవ మొదలవుతుంది, అది చీలి చీలి చివరికి మన చేలోకి బోదెగా వస్తుంది. చివర ఉన్న శివారు భూములకి నీళ్లు ఆఖరున అందుతాయి. నెట్ కూడా అచ్చం అంతే. మన ఊళ్లు నెట్‌కి శివారు ఆయకట్టు అన్నమాట. అందుకే ఈ కాలవ ఎవరు తవ్వారో, ఎలా తవ్వారో తెలిస్తే గానీ గండి ఎక్కడ పడుతుందో అర్థం కాదు.

సరే, ఇక చరిత్రలోకి వెళ్దాం.

మొదటిది రాగి తీగ. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా మొదలైంది, అది కూడా పెద్ద నగరాల్లోనే. 2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ పాలసీ తెచ్చింది. అప్పట్లో 256 కేబీపీఎస్ వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. నవ్వకండి. 2023లో ఆ లెక్కని 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. కొత్త లైను వెయ్యక్కర్లేదు, ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే అదే రాగి తీగ మీద నెట్ కూడా వచ్చేది. కానీ రాగితో చిక్కేంటంటే, ఎక్స్‌ఛేంజీకి దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసపడిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే అంతే సంగతులు. పైగా అతుకుల్లోకి వాన నీళ్లు దిగితే ఫోన్‌లో గరగర, నెట్ కట్. నా చిన్నప్పుడు ఫోన్ ఎత్తి గరగర వింటే చాలు, ఈరోజు నెట్ రాదని తెలిసిపోయేది.

రెండోది కేబుల్ టీవీ తీగ. 1990ల్లో ఊరూరా కుర్రాళ్లు ఒక డిష్ కొని, కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ తీగ లాగారు. ఏ ఇంటి గోడకి ఎక్కడ మేకు ఉందో, ఏ కొబ్బరిచెట్టు మట్ట తీగకి తగులుతుందో వాళ్లకి తెలుసు. నెట్ మన గడప దాకా రావడానికి దారి వేసింది ఈ కేబుల్ కుర్రాళ్లే. వాళ్లే ఇప్పుడు మన కేబుల్ మావయ్యలు.

మూడోది గాజు తీగ, అంటే ఫైబర్. 1966లో చార్లెస్ కావ్ అనే ఇంజనీరు, గాజుని బాగా శుద్ధి చేస్తే దానిలో వెలుగుని కిలోమీటర్ల దూరం పంపొచ్చని రాశాడు. 2009లో దానికే నోబెల్ వచ్చింది. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ వాళ్లు కిలోమీటరుకి 20 డెసిబెల్స్ కన్నా తక్కువ నష్టంతో తీగ చేశారు. 20 డెసిబెల్స్ అంటే నూరు పాళ్ల వెలుగు పంపిస్తే కిలోమీటరు చివర ఒక పాలు మిగులుతుంది. దానికే అప్పుడు పండగ చేసుకున్నారు. ఇప్పటి తీగలో కిలోమీటరుకి పోయేది 0.35 డెసిబెల్‌కి అటూఇటూ. అంటే నూటికి తొంభైకి పైగా చేరుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మరి ఈ గాజు మన ఊళ్లకి ఎలా వచ్చింది? పంచాయతీలన్నిటికీ ఫైబర్ వెయ్యాలని కేంద్రం 2011లో పథకం పెట్టింది. దాన్నే తర్వాత భారత్‌నెట్ అన్నారు. భూమి తవ్వి వెయ్యాలంటే ఖర్చు, పర్మిషన్లు, ఏళ్లకేళ్లు. ఇక్కడే ఆంధ్రప్రదేశ్ ఒక అడ్డదారి పట్టింది. 2015లో ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అని ప్రభుత్వ సంస్థ పెట్టి, తవ్వడం మానేసి, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగింది. సుమారు 24 వేల కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 333 కోట్లు. భూమిలో వేస్తే వేల కోట్లు అయ్యేది.

2016 డిసెంబరులో మోరి అనే ఊళ్లో మొదలుపెట్టారు. మోరి ఎక్కడో కాదండి, నరసాపురం రేవు దాటితే సఖినేటిపల్లి మండలం, అందులోదే. మరుసటి ఏడాది 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభోత్సవం. నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ చానెళ్లు, ఫోన్. స్తంభం నుంచి ఇంటిదాకా ఆఖరి ముక్క మాత్రం లోకల్ కేబుల్ ఆపరేటర్ల చేతిలోనే పెట్టారు. ప్రైవేటు వాళ్లూ ఊళ్లలో చాలాచోట్ల ఇదే పద్ధతిలో వచ్చారు: స్తంభం, కేబుల్ మావయ్య, గాజు తీగ.

ఇప్పుడు అసలు పాయింట్ చెప్తాను. స్తంభం ఎక్కించారు కాబట్టే ఆ ధరకి, అంత త్వరగా నెట్ మన ఊరికి వచ్చింది. భూమి తవ్వాలని కూర్చుంటే బహుశా ఇప్పటికీ ఎదురుచూస్తూ ఉండేవాళ్లం. కానీ స్తంభం మీద ఉన్న తీగకి గాలి తగులుతుంది, కొమ్మ తగులుతుంది, ఎత్తుగా గడ్డి వేసుకెళ్లే లారీ తగులుతుంది. కరెంటోళ్లు స్తంభం మారిస్తే అదీ పోతుంది. ఏ నిర్ణయం వల్ల మనకి నెట్ వచ్చిందో, ఆ నిర్ణయం వల్లే మాటిమాటికీ పోతోంది. దీన్ని తిట్టుకోవడం కాదు, అర్థం చేసుకుంటే రిపేరు సులువవుతుంది.

ఇక మా ఇంటికి వద్దాం. మామ్మ చెప్పిన పద్ధతి పట్టాను. ముందు బోదె, తర్వాత తూము, తర్వాత కాలవ.

బోదె అంటే వైఫై. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి పెట్టాను. వైఫైలో పోయి కేబుల్‌లో బాగుంటే తప్పు మన ఇంట్లోదే. మా రౌటర్ ఫ్రిజ్ వెనకాల, పాతకాలం మందపాటి గోడ పక్కన ఉండేది. తీసి హాల్లో ఎత్తుగా పెట్టాను. కొంత మెరుగైంది, కానీ నెట్ పోవడం ఆగలేదు. అంటే గండి ఇంకా పైన ఉంది.

తూము అంటే గోడకున్న ఫైబర్ పెట్టె. దాని మీద లైట్లు చూడండి. పాన్ అని రాసున్న పచ్చలైటు నిలకడగా వెలగాలి. లాస్ అనే లైటు ఎర్రగా వెలిగితే వెలుగు మన ఇంటిదాకా రావట్లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ని వందసార్లు ఆపి ఆన్ చేసినా ఉపయోగం లేదు. ఎర్రలైటు లేకుండా నెట్ పోతే, తీగ బానే ఉంది, తప్పు అవతల ఆపరేటర్ మెషీన్లలో ఎక్కడో ఉందని అనుమానించాలి.

కాలవకి పింగ్. ఇది 1983లో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్ రాసిన చిన్న ప్రోగ్రామ్. సబ్‌మెరైన్‌లో శబ్దం పంపి ప్రతిధ్వని వింటారే, ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. మనం ఒక చిన్న సందేశం పంపుతాం, అది వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెప్తుంది. ఒక విండోలో మన రౌటర్‌కి, ఇంకో విండోలో 8.8.8.8కి పింగ్ పెట్టి వదిలేశాను. మొదటిది బాగుండి రెండోది ఆగితే ఇల్లు దాటాక తప్పు. ఫోన్‌లో కూడా పింగ్ యాప్‌లు ఉన్నాయి, ఫ్రీ.

తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైన పని: ఒక పాత నోట్‌బుక్ తీసుకుని వారం రోజులు రాశాను. ఏ టైంకి పోయింది, ఎంతసేపు, ఎర్రలైటు వెలిగిందా, బయట గాలి ఉందా, వానా, కరెంటు ఉందా. వారం అయ్యాక చూస్తే ఒకటి కాదు, మూడు తప్పులు బయటపడ్డాయి. మధ్యాహ్నం గాలి లేచినప్పుడు ఎర్రలైటుతో పోతోంది. పక్క వీధిలో కరెంటు పోయినప్పుడు, మా ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, నెట్ పోతోంది. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా పోవట్లేదు గానీ నత్తలా నడుస్తోంది. మూడూ కలిపి "నెట్ బాలేదు" అని ఒకే మాటలో చెప్తుంటే పాపం ఎవరు మాత్రం ఏం బాగుచేస్తారు?

ఆ నోట్‌బుక్ కేబుల్ మావయ్య చేతిలో పెట్టాను. ఆయన రెండు నిమిషాలు చదివి, "గాలికి ఎర్రలైటా? అయితే కాలవగట్టు మీద స్తంభం చూడాలండి బాబూ" అన్నాడు. పవర్ మీటర్ తెచ్చి మా పెట్టె దగ్గర కొలిస్తే మైనస్ 29 డీబీఎం. మామూలుగా మైనస్ 27 దిగితే పెట్టె తడబడిపోతుంది. గట్టు మీద స్తంభం దగ్గర, అతుకు ముందు, కొలిస్తే మైనస్ 19. అంటే ఆ రెండు చోట్ల మధ్య పది డెసిబెల్స్ పోయాయి. ఇందాక చెప్పాను గుర్తుందా? గాజులో కిలోమీటరుకి 0.35 కన్నా పోదు. మధ్యలో దూరం అర కిలోమీటరు కూడా లేదు. కాబట్టి దోషం గాజుది కాదు, అతుకుదో వంపుదో అయ్యుండాలి. నిచ్చెన వేసి చూస్తే, కొబ్బరి మట్ట రాసుకుని రాసుకుని జాయింట్ పెట్టె మూత ఊడిపోయింది, లోపల తీగ మేకు చుట్టూ బిగుసుకుపోయి ఉంది. గాజు తీగని మరీ వంచితే వెలుగు పక్కకి కారిపోతుంది, బోదె గట్టు తెగినట్టే. మట్ట కొట్టేసి, కొత్త అతుకు వేసి, తీగని వదులుగా చుట్టాడు. ఇంటికొచ్చి కొలిస్తే మైనస్ 20.

పక్క వీధిలో ఆయన స్విచ్ పెట్టె బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందట. ఆయన బ్యాటరీ మార్చాడు, అందులో సగం డబ్బు మా వీధి వాళ్లం వేసుకున్నాం. రాత్రి నత్తనడక మాత్రం పోలేదు. అది నాలాంటి వాళ్లందరూ ఒకే కాలవలో ఒకేసారి తోడుకోవడం వల్ల. దానికి పైవాళ్లు కాలవ వెడల్పు చెయ్యాలి, మనం ఇంట్లో కూర్చుని చేసేదేం లేదు. నేను పెద్ద డౌన్‌లోడ్లు పొద్దున్న అయిదింటికి పెట్టుకునేవాణ్ణి.

నెల గడువు పూర్తికాకముందే మేనేజర్‌కి వారం రోజుల పింగ్ రికార్డు పంపాను. ఇక హైదరాబాద్ మాట ఎత్తలేదు. మామ్మ ఆ సంక్రాంతికి కర్ర పట్టుకుని వాకిట్లోకి నడిచి ముగ్గు ఎలా వెయ్యాలో అమ్మకి చెప్పింది. నేను అక్కడే ఉన్నాను.

మన ఊళ్లో ఉండి చదువుకోవాలన్నా, ఉద్యోగం చెయ్యాలన్నా ఇప్పుడు ఆ సన్నటి తీగే ఆధారం. మీ ఇంట్లో నెట్ పోతే తిట్టేముందు ఒక్కసారి ఆ ఎర్రలైటు చూడండి, టైం రాసుకోండి. మీ కేబుల్ మావయ్యకి "నెట్ బాలేదు" అని కాకుండా "గాలొస్తే ఎర్రలైటు వెలుగుతోంది" అని చెప్పి చూడండి. నిచ్చెన ఏ స్తంభానికి వెయ్యాలో ఆయనకి తెలుస్తుంది.

ఉంటానండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.