సంఘపు పలకయు, సెల్‌ఫోను అంగడియు

మధుర మీనాక్షీ ఆలయములోని పొట్రామరై కొలనును చూడనివారు మన సంఘములో నుండరు. పూర్వము ఆ కొలనులో ఒక పలక యుండెడిదనియు, మంచి గ్రంథమునకు మాత్రమే చోటిచ్చి తక్కినవానిని నీటిలోనికి త్రోసివేసెడిదనియు ఐతిహ్యము. తిరువళ్ళువరు కురళ్‌నకు ఆ పలకయే చోటిచ్చినదందురు. ఇది చరిత్ర కాదు, కథ. కాని క్రొత్తగా వచ్చిన దానిని ఎవరు పరీక్షింపవలెనను ప్రశ్న మధురకు ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది.

1529 ప్రాంతమున విశ్వనాథనాయకునితో మొదలై 1736 వరకు సాగిన నాయకుల కాలములో ఇచ్చట తెలుగు వర్ధిల్లినది. విజయరంగ చొక్కనాథుడు స్వయముగా గ్రంథకర్త. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని జైమిని భారత వచనము ఆ కొలువులోనిదే. ఆనాడు కావ్యమునకు రాజసభ మెప్పు కావలెను. వాకిలి ఒకటే, తీర్పరులు కొందరే.

నేడు అట్టి వాకిలి మన చేతి ఫోనులోనికి వచ్చినది. 2008 జూలై 10న ఆపిల్ కంపెనీ 500 యాప్‌లతో అంగడి తెరచినది. ఆ అక్టోబరులోనే గూగుల్ అంగడి వచ్చి, 2012లో గూగుల్ ప్లే అను పేరు పొందినది. ఆపిల్ మొదటినుండి పరీక్షించియే లోనికి రానిచ్చుచున్నను, ఆ నిబంధనలను 2010లో గాని బయటపెట్టలేదు. మనుష్యులచేత కూడ ముందుగా పరీక్ష చేయించుచున్నామని గూగుల్ 2015లో తెలిపినది.

ఆ పరీక్షలో చూచునదేమి? యాప్ మధ్యలో ఆగిపోవుచున్నదా, చెప్పిన పనియే చేయుచున్నదా, అక్కరలేని అనుమతులు అడుగుచున్నదా, అందులో వైరసు వంటిదేమైన నున్నదా అని యంత్రములును మనుష్యులును చూతురు. ఎంత వయస్సువారికి తగునను ముద్ర గూగుల్ ప్లేలో 2015 నుండి తయారీదారు తానే నింపిన ప్రశ్నాపత్రమును బట్టి పడుచున్నది. మా రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తా బరువు చూచును, కట్టు చూచును, పంపువాడు వ్రాసియిచ్చిన కాగితము చూచును. మూటలోని చీర నేత మంచిదో కాదో చెప్పుట అతని పని కాదు. అంగడి తనిఖీయు నట్టిదే.

గుణము చెప్పవలసినవారు వాడినవారు. అందులకే ఒకటి మొదలు అయిదు వరకు నక్షత్రములు. ఇందులోను మోసపోవుటకు వీలున్నది. నూరుగురిలో 80 మంది అయిదేసి, 20 మంది ఒక్కొక్కటి ఇచ్చినచో సగటు 4.2 వచ్చును. పైకి చక్కని అంకె. లోపల అయిదుగురిలో ఒకరి ఏడుపు. 2019 నుండి గూగుల్ క్రొత్త తీర్పులకు ఎక్కువ బరువిచ్చుచున్నది. 2020 మే నెలలో మన దేశమున కోపముతో జనులు టిక్‌టాక్‌నకు ఒక్కొక్క నక్షత్రమే యిచ్చి దాని సగటును రెండునకు దిగువకు దించిరి. గూగుల్ అట్టి తీర్పులను లక్షలకొలదిగ తీసివేసినది. గుంపు కోపమును తీర్పే యనలేము గదా!

ఇది వినోదమునకు చెప్పుట లేదు. మా బంధువొకడు నక్షత్రములు చూచి, ఒక అప్పుల యాప్‌లో కొద్ది సొమ్ము తీసికొనెను. గడువు దాటగానే అతని ఫోనులోని పేర్లన్నిటికిని బెదిరింపులు పోయెను. ఆడపడుచు అత్తవారింటికి కూడ! అతడు నెల దినములు గడప దాటలేదు. 2021 ఏప్రిల్ నుండి 2022 జూలై వరకు 2,500కు పైగా, 2022 సెప్టెంబరు నుండి 2023 ఆగస్టు వరకు 2,200కు పైగా అప్పుల యాప్‌లను గూగుల్ తీసివేసినట్లు కేంద్రప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. అవన్నియు ఒకప్పుడు వాకిలి దాటి వచ్చినవే. అప్పుల యాప్‌లు ఫోనులోని పేర్లను, బొమ్మలను ముట్టరాదను గూగుల్ నిబంధన 2023 మే 31 నుండి గాని అమలు కాలేదు. అప్పటికే ఎందరి పరువో పోయినది.

కనుక కోయంబత్తూరు, మధుర సోదర సోదరీమణులకు నా మనవి. నక్షత్రములు లెక్కించి ఊరకొనకుడు. ఒక్క నక్షత్రమిచ్చినవారు ఏమి వ్రాసిరో ముందు చదువుడు. అడిగిన అనుమతి ఆ పనికి అవసరమా యని ఆలోచింపుడు. మీకు మేలు గాని కీడు గాని జరిగినచో నాలుగు మాటలు తెలుగులోనే వ్రాయుడు. ఇంట తెలుగు, వీధిన తమిళముగా తరతరములు గడపినవారము. మన మాట చదివి మనవారొకరు తప్పించుకొనినను చాలును. నేటి పలకను మోయుచున్నది మన చేతులే.