నిప్పు పిలిచినవారిది, మాంసం వచ్చినవారిది: దక్షిణాఫ్రికా ‘బ్రాయ్’ విందు మర్యాదలు

దక్షిణాఫ్రికాలో ఎవరైనా ‘శనివారం మా ఇంట్లో బ్రింగ్ అండ్ బ్రాయ్, తప్పక రండి’ అని పిలిస్తే, నిప్పు మాత్రమే తమదని, దానిపై కాల్చుకునే మాంసం అతిథులే తెచ్చుకోవాలని అర్థం. పానీయాలు కూడా సాధారణంగా ఎవరివి వారే తెచ్చుకుంటారు. కట్టెలు, ఇనుప జాలీ, పళ్లాలు, సలాడ్లు, మొక్కజొన్న పిండితో వండే ‘పాప్’ అనే ముద్ద వంటివి ఇంటివారు సమకూరుస్తారు. విందుకు పిలిచి, తిండి మీరే తెచ్చుకోండి అనడం మన చెవికి కొంత వింతగా వినిపిస్తుంది. అక్కడ మాత్రం అది పిసినారితనం కాదు. పదిమందిని తరచుగా ఒకచోట చేర్చుకోవడానికి, ఆ భారం ఒక్క ఇంటిమీదే పడకుండా చూసుకోవడానికి ఏర్పడిన పద్ధతి అది.

‘బ్రాయ్’ ఆఫ్రికాన్స్ భాషా పదం. కాల్చడం, వేపడం అనే అర్థమున్న డచ్చి మాట దీనికి మూలం. గ్యాస్ పొయ్యిపై కాల్చినదాన్ని అసలైన బ్రాయ్‌గా ఒప్పుకోనివారు అక్కడ ఎందరో ఉన్నారు. కట్టెలు మండి, మంట తగ్గి, కణకణలాడే నిప్పులు మిగిలిన తరువాతే మాంసం జాలీపైకి చేరాలి. నిప్పు రాజేసిన తరువాత తొలి పళ్లెం నిండేసరికి గంట దాటడం మామూలే. ఆ నిరీక్షణలో సాగే కబుర్ల కోసమే చాలామంది వస్తారు కాబట్టి, వెళ్లీ వెళ్లగానే భోజనం ఎప్పుడని అడగడం మర్యాద అనిపించుకోదు.

ఈ విందుకు అక్కడి ప్రజాజీవితంలో ఒక స్థానం ఉంది. ఏటా సెప్టెంబరు 24న దక్షిణాఫ్రికా వారసత్వ దినం జరుపుకుంటుంది. జులూ రాజు షాకా స్మృతితో ముడిపడిన ఆ తేదీని జాతీయ బ్రాయ్ దినంగా కూడా పాటించాలని 2005లో ఒక ప్రచారోద్యమం మొదలైంది. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు 2007లో దానికి గౌరవ పోషకుడిగా ఉండటానికి అంగీకరించారు. రంగు, భాష, సంపద వేరైనా నిప్పు చుట్టూ కూర్చోవడం అందరికీ తెలిసిన పనే అన్నది ఆయన ఆలోచన. ఒక జాతి వారసత్వాన్ని మాంసం ముక్కలకు కుదించడం తగదని విమర్శించినవారూ ఉన్నారు. ఆ విమర్శను కొట్టిపారేయలేము. అయితే 1953 నాటి ప్రత్యేక సౌకర్యాల చట్టం ఉద్యానాలను, సముద్రతీరాలను జాతుల వారీగా విడదీసిందని, అది 1990 వరకు రద్దు కాలేదని గుర్తుంచుకోవాలి. ఒకే నిప్పు దగ్గర ఎవరెవరు కూర్చోవచ్చునన్నది అక్కడ చిన్న ప్రశ్న కాదు.

ఎవరి ముక్క ఎవరిది?

‘తెచ్చుకోండి’ అన్నారు సరే, తెచ్చినదాన్ని ఎవరు తినాలి? అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కొన్ని ఇళ్లలో అందరి మాంసం ఒకే పెద్ద పళ్లెంలోకి చేరుతుంది, ఎవరైనా ఏదైనా తీసుకోవచ్చు. మరికొన్ని ఇళ్లలో ఎవరిది వారే తింటారు, సలాడ్లు, పాప్ మాత్రమే ఉమ్మడి. పిలుపులో ఆ తేడా కనిపించదు. అందుకే ‘అన్నీ కలిపి వడ్డిస్తారా?’ అని ముందే అడగడం మేలు. అడగలేకపోతే బల్లను గమనించాలి. మధ్యలో పెద్ద పళ్లెం ఖాళీగా సిద్ధంగా ఉంటే అక్కడ పద్ధతి ఉమ్మడిదని గ్రహించవచ్చు.

అప్పుడు కూడా వరుస ఒకటి ఉంది. మొదట మనం తెచ్చినది పక్కవారికి చూపాలి, ఆ తరువాతే వారిది అందుకోవాలి. చవకైన సాసేజ్ పొట్లంతో వచ్చి, ఎదుటివారి ఖరీదైన మాంసంతో కడుపు నింపుకుని వెళ్లేవారి గురించిన ఫిర్యాదు ఇలాంటి విందులున్న ప్రతి చోటా వినిపించేదే. తన ముక్కను అరచేత్తో కాచుకునేవాడిపై నవ్వుకుని ఊరుకుంటారు గానీ, అడగకుండా తీసుకున్నవాడిని మళ్లీ పిలవడానికి తటపటాయిస్తారు. మనం తినగలిగినదానికంటే ఒకరిద్దరికి సరిపడేంత ఎక్కువ తీసుకెళితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. పిల్లలకు ఎవరి ముక్క ఎవరిదో పట్టదు కాబట్టి, వారి వాటా కూడా లెక్కలో ఉండాలి.

జాలీ దగ్గర పట్టకారు ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆ వ్యక్తిని అడగకుండా ముక్కలు తిప్పడం, నిప్పు ఎగదోయడం, సలహాలివ్వడం తప్పుగా భావిస్తారు. మనది ఏదో, ఎంత కాలాలో ఒకసారి చెప్పి పక్కకు తప్పుకోవాలి. మనది మనకే కావాలనుకుంటే జాలీలో ఒక మూల కోరవచ్చు, లేదా వేరుగా గుర్తుపట్టగల ఊచలకు గుచ్చి ఇవ్వవచ్చు.

జొహానెస్‌బర్గ్, డర్బన్ పరిసరాల్లోని టౌన్‌షిప్‌లలో కనిపించే ‘షిసా న్యామా’లో ఈ తగాదా పుట్టనే పుట్టదు. కసాయి దుకాణంలో మాంసం తూకానికి కొని అక్కడే కాల్పించుకుంటారు. డబ్బు కలిసి వేసుకున్నవారు కలిసి తింటారు. మన పల్లెల్లో పండుగకు నలుగురు కలిసి మేకను కొని, మాంసాన్ని సమానంగా కుప్పలు పోసి పంచుకునే తీరు దీనికి దగ్గరగా ఉంటుంది. ఆ రెండింటిలోనూ వాటా వండకముందే తేలిపోతుంది. బ్రింగ్ అండ్ బ్రాయ్‌లో అది కాలి పళ్లెంలోకి వచ్చాక తేలాలి, అందుకే ఇన్ని మర్యాదలు అవసరమయ్యాయి.

ఒకే జాలీ, వేర్వేరు నియమాలు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ నౌక నేటి డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా 50 వేలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నాటల్ వెళ్లారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ అక్కడ తెలుగు భాషా సంస్కృతులను నిలబెట్టడానికి పూనుకుంది. ఆ కుటుంబాల తరువాతి తరాలకు బ్రాయ్ పరాయి విందు కాదు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఇరుగుపొరుగున ఉండే ఆ నగరంలో ఒకే జాలీ చుట్టూ గొడ్డు మాంసం తిననివారు, పంది మాంసం ముట్టనివారు, హలాల్ మాత్రమే తినేవారు, అసలు మాంసమే తిననివారు కలవవచ్చు.

ఇక్కడ అందరికంటే ముందు పరీక్షించవలసింది ‘బూరెవోర్స్’ను. పేరులో మన బూరె ఉన్నా దానికీ దీనికీ చుట్టరికం లేదు, రైతు సాసేజ్ అని ఆ మాటకు అర్థం. చుట్టగా చుట్టి నిప్పులపై కాల్చే ఈ సాసేజ్ లేని బ్రాయ్ అరుదు. ఆ పేరుతో అమ్మాలంటే కనీసం 90 శాతం మాంసం ఉండాలని, కొవ్వు 30 శాతం మించరాదని అక్కడి ప్రభుత్వ నిబంధన. ఆ మాంసం ఎద్దుది, గొర్రెది, మేకది, పందిది ఏదైనా కావచ్చు, కలగలుపూ కావచ్చు. పైతొడుగు కూడా జంతువు పేగుతో చేసినదై ఉండవచ్చు. చూసి పోల్చుకోవడం అసాధ్యం. పొట్లంపై వివరాలు చదవాలి, హలాల్ ముద్ర కావలసినవారు దాన్ని వెతకాలి.

నియమం ఉన్నవారు ఆ సంగతి పిలుపు అందినప్పుడే చెప్పాలి. నిప్పు దగ్గర, పదిమంది ముందు చెబితే ఇంటివారు చిన్నబుచ్చుకుంటారు. కారణాలు వివరించనక్కరలేదు, ఎదుటివారి పళ్లెంపై వ్యాఖ్య అసలే కూడదు. పిలిచినవారి బాధ్యత మరింత పెద్దది. వీలైతే వేరే జాలీ, వేరే పట్టకారు, నూనె రాసే కుంచె వేరేది ఉంచాలి. ఒకే జాలీ ఉంటే, దాన్ని శుభ్రంగా కడిగి శాకాహారాన్ని, హలాల్ మాంసాన్ని ముందుగా కాల్చాలి. అల్యూమినియం రేకు పరిస్తే కొందరికి సరిపోతుంది, కొందరికి సరిపోదు. వారినే అడిగి తెలుసుకోవాలి. ‘కొంచెం రుచి చూస్తే ఏమవుతుంది?’ అన్న మాట మాత్రం ఎంత ప్రేమతో అన్నా అనకూడనిది. కొసరి కొసరి వడ్డించే అలవాటున్న మనం దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. శాకాహారులకు సలాడ్ ఒక్కటే మిగల్చడం కూడా భావ్యం కాదు. మొక్కజొన్న పొత్తులు, పుట్టగొడుగులు, రేకులో చుట్టిన బంగాళాదుంపలు అదే నిప్పుపై చక్కగా కాలుతాయి.

పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలోనే కాలిన ముక్కలు పెట్టకూడదు. నానబెట్టిన మసాలా రసాన్ని మరిగించకుండా పైన పోయకూడదు. కోడి మాంసం లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. ప్రయాణంలో మాంసం మంచుపెట్టెలో ఉండాలి. పదిమంది తెచ్చిన మాంసంలో ఒకరి అజాగ్రత్త అందరినీ ఆస్పత్రి పాలు చేయగలదు.

ఆస్ట్రేలియాకు వెళ్లేవారు మరో మాట తెలుసుకోవాలి. అక్కడ ‘పళ్లెం తీసుకురండి’ అంటే ఖాళీ పళ్లెం కాదు, అందరికీ పంచే ఒక వంటకం అని భావం. అక్కడి ఉద్యానాల్లో ఎవరైనా వాడుకోదగిన విద్యుత్ పెనాలుంటాయి. అంతకుముందు వాటిపై ఏం వండారో తెలియదు కాబట్టి, నియమం ఉన్నవారు రేకు వెంట తీసుకెళ్లడం మంచిది.

మిగిలిన మాంసం సంగతికి వస్తే, కాల్చని ముక్కలను తెచ్చినవారు తిరిగి తీసుకెళ్లడంలో తప్పు లేదు. కాలినవి ఇంటివారికే వదిలి రావడం బాగుంటుంది. అందరూ వెళ్లాక జాలీ తోమి, బూడిద ఎత్తవలసింది వారే కదా.