చాపల మీద కట్టిన సంఘం

కుంపటికి దగ్గరగా జరగండి అబ్బాయిలూ. ఖతార్ అంటే ఎండలే అనుకుంటారు ఊళ్లో వాళ్లు. జనవరి రాత్రి అబూ హమూర్‌లో ఈ పెరట్లో ఓ గంట కూర్చోబెడితే తెలిసొస్తుంది. బొగ్గులు బాగానే రాజుకున్నాయి. ఒరే చిన్నోడా, ఆ ఫోను పక్కన పెట్టి ఇటు తిరుగు.

ఇందాక మీలో ఒకబ్బాయి అడిగాడు కదా, పొద్దున ఆరాధనలో అందరూ కుర్చీల్లో కూర్చుంటే మీరు కింద కూర్చుంటానని పట్టుబట్టారేంటి తాతగారూ అని. నా మోకాళ్లు బాగుండి కాదు బాబూ. లేవడానికి ఇద్దరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది, మీరే చూశారు. హెబ్రోను సంఘంలో పెరిగినవాడికి కుర్చీలో కూర్చుంటే ప్రార్థన నోటికి రాదు, అంతే. ఆ హెబ్రోను ఎలా పుట్టిందో చెప్తాను వినండి. నేను కళ్లారా చూసింది కొంత, మా నాన్నా ఆయన తోటివాళ్లూ చెప్పుకుంటుంటే విన్నది కొంత.

దాన్ని మొదలుపెట్టిన మనిషి తెలుగువాడు కాదు. పంజాబీ, సిక్కు. పేరు భక్త్‌సింగ్. 1903లో జోయా అనే పల్లెటూళ్లో పుట్టారు, ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. కలిగిన కుటుంబం. మిషన్ స్కూల్లో చదువుకునే రోజుల్లో బైబిలు బహుమతిగా ఇస్తే, తోలు అట్ట బాగుందని అది ఉంచుకుని లోపలి కాగితాలు చింపేశారట. ఇంజనీరింగ్ చదవడానికి 1926లో లండన్ వెళ్లారు. వెళ్లాక తలపాగా పోయింది, జుట్టు పోయింది, గడ్డం పోయింది, నోట్లోకి సిగరెట్టు వచ్చింది. పరాయి దేశం వెళ్లిన కుర్రాళ్ల సంగతి మీకు నేను చెప్పాలా!

అక్కణ్నుంచి కెనడా. ఓడలో ఒకనాడు క్రైస్తవుల ఆరాధన జరుగుతుంటే వెళ్లి కూర్చున్నారు. అందరూ మోకరిస్తే తానూ మోకరించారు. మనసు తిరగడం అక్కడ మొదలైంది. విన్నిపెగ్‌లో వ్యవసాయ ఇంజనీరింగ్ చదువుతూ 1929 చివర్లో ఒక స్నేహితుణ్ని అడిగి కొత్త నిబంధన తీసుకుని చదివారు. ఒకప్పుడు చింపేసిన పుస్తకాన్నే ఇక కింద పెట్టలేదు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు.

1933 ఏప్రిల్‌లో బొంబాయి తిరిగొచ్చారు. అమ్మానాన్నలు అక్కడికే వచ్చి కలిశారు. నీ నమ్మకం నీ ఇష్టం, కానీ బయటికి చెప్పొద్దు, ఇంటి పరువు పోతుంది అన్నారు. దాచడం నా వల్ల కాదన్నారు ఈయన. అంతే, సీమ చదువు చదివొచ్చిన కొడుకుని బొంబాయిలోనే వదిలేసి వాళ్ల దారిన వాళ్లు వెళ్లిపోయారు. చేతిలో ఉద్యోగం లేదు, వెనక మిషను లేదు. బొంబాయి వీధుల్లో, తర్వాత కరాచీలో పాకీపనివాళ్ల వాడల్లో తిరుగుతూ సువార్త చెప్పారు. 1937లో మార్టిన్‌పూర్ అని పంజాబులో ఒక క్రైస్తవుల ఊళ్లో ఆయన కూటాల్లో గొప్ప ఉజ్జీవం వచ్చింది. దాంతో పేరు దక్షిణాది దాకా పాకింది. ఆ మరుసటేడు మద్రాసు నుంచి పిలుపు.

అప్పటికి మన తెలుగునాట పరిస్థితేమిటో తెలిస్తేగాని మిగతాది అర్థం కాదు. మిషన్లు జిల్లాలని వాటాలు వేసుకున్నాయి. గుంటూరు వైపు లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి, బందరు, ఏలూరు వైపు ఇంగ్లీషువాళ్ల చర్చి మిషనరీ సొసైటీ, మెదక్ వైపు మెథడిస్టులు. మేం లూథరన్లం కావడానికి మా తాత ఏ సిద్ధాంతాలూ చదవలేదు. గుంటూరు జిల్లాలో పుట్టాడు, అదే సిద్ధాంతం. మా ఊళ్లో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి. క్రీస్తు ఒక్కడే, బల్ల మాత్రం రెండు. ఆ మిషన్ల మేలు మరిచేవాణ్ని కాను నేను. మా నాన్న బడిపంతులు అయ్యాడంటే వాళ్ల చలవే. కానీ ఈ గోడ వాళ్ల చేత కాలేదు. కొందరు ముట్టుకోనే లేదు.

భక్త్‌సింగ్ గారు మద్రాసులో కూటాలు పెడితే జనం వేలల్లో వచ్చారు. మొదట్లో ఆయనకి సొంత సంఘం పెట్టాలనే ఆలోచన లేదు. మారుమనసు పొందినవాళ్లని మీ మీ చర్చిలకే వెళ్లమనేవారు. రాను రాను కొన్ని చర్చిలు ఆయనకి తలుపులు మూసేశాయి. 1941లో మద్రాసు పక్కన పల్లవరం కొండెక్కి, తోటివాళ్లతో కలిసి రాత్రంతా ప్రార్థనలో గడిపారు. కొండ దిగాక, ఆ జూలైలో యెహోవా షమ్మా అనే పేరుతో సంఘం మొదలైంది. ఏ మిషనుకీ అనుబంధం కాదు, ఏ దొరకీ జవాబు చెప్పక్కర్లేదు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఆరేళ్ల ముందు సంగతి ఇది, గుర్తుపెట్టుకోండి. అలాగని తెల్లవాళ్లని దూరం పెట్టలేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఫ్రెడ్ ఫ్లాక్ గారు, రేమండ్ గోల్స్‌వర్తీ గారు ఆయనతో కలిసి పనిచేశారు. కాకపోతే చాప వాళ్లకీ అదే.

ఆ సంఘానికి రాజ్యాంగం అంటూ పెద్ద పుస్తకం లేదు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం, 42వ వచనం. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఈ నాలుగూ ఉంటే సంఘం, లేకపోతే భవనం. చెప్పులు గుమ్మం బయట. లోపల చాపలు, ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క తలమీద కొంగు కప్పుకుని ఆడవాళ్లు. ఆరాధన నాలుగైదు గంటలు. పాదిరిగారు పుస్తకం చూసి చదివితే మిగతావాళ్లు ఆమెన్ అనే పద్ధతి కాదు. అక్షరం రాని కూలివాడైనా సరే, తన మాటల్లో తాను దేవుణ్ని స్తుతించవచ్చు. మా నాన్నకి అన్నిటికన్నా విడ్డూరంగా తోచింది అదేనట. పంతులు కదా మరి!

డబ్బు విషయం చెప్పకపోతే ఆ మనిషిని సగమే చెప్పినట్టు. జార్జ్ ముల్లర్ అని ఇంగ్లండులో అనాథలని సాకిన భక్తుడు ఉండేవాడు, ఎవర్నీ పైసా అడక్కుండా దేవుణ్నే అడిగేవాడు. భక్త్‌సింగ్ గారు ఆయన దారి పట్టారు. సేవకులకి జీతాల్లేవు. సభలో చందా పళ్లెం తిరగదు. మూలన ఓ పెట్టె, వేసేవాడు వేస్తాడు. ఈ నెల ఖర్చింతైంది, మీరు ఆదుకోవాలి అని ప్రకటించడం నిషేధం. ఇప్పుడు టీవీలో కొందరు దైవజనులు బ్యాంకు ఖాతా నంబరు స్క్రీన్ మీద నుంచి దింపరు. ఆ టైముకి నేను రిమోట్ వెతుక్కుంటాను.

1941 డిసెంబర్లోనే మద్రాసులో మొదటి కాన్వొకేషన్ జరిగింది. లేవీయకాండంలో ఇశ్రాయేలీయులు పర్ణశాలలు వేసుకుని చేసుకునే పండగ ఉంది చూశారా, దాని తరహాలో. తాటాకు పందిళ్లు, గుడారాలు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు పగలూ రాత్రీ అక్కడే ఉండాలి, అందరూ కలిసి తినాలి. తర్వాత భక్త్‌సింగ్ గారు హైదరాబాద్ వచ్చారు. నిజాం రాజ్యం యూనియన్‌లో కలిసి ఇంకా రెండేళ్లు నిండలేదు. 1950లో గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను మొదలైంది. ఆ పంజాబీ చివరిదాకా అక్కడే ఉండిపోయారు. దేశంలో ఎక్కడెక్కడ తిరిగినా ఆయన్ని ఇంటిమనిషిగా పెట్టుకున్నది తెలుగువాళ్లే. మేం బ్రదర్ గారూ అనేవాళ్లం. రెవరెండు, బిషప్పు, డాక్టరు, ఏ బిరుదూ లేదు.

నేను మొదటిసారి వెళ్లింది పదేళ్ల వయసులో. మా అమ్మ కంచాలు, చెంబు, దుప్పట్లు మూటకట్టింది. బెజవాడలో బండి మారి, సికింద్రాబాద్‌లో దిగి రిక్షా ఎక్కాం. అంత జనాన్ని నేను తిరునాళ్లలో కూడా చూడలేదు. తెల్లజుబ్బా వేసుకుని బ్రదర్ గారు ఇంగ్లీషులో చెప్తుంటే పక్కన నిలబడి తెలుగులోకి ఒకరు, అరవంలోకి ఒకరు మార్చి చెప్పేవారు. ప్రసంగం ఏమిటో నాకు గుర్తు లేదు. అన్నం గుర్తుంది.

గాడిపొయ్యిల మీద గుండిగలు. పొగకి కళ్లు మండుతున్నాయి. వరసలు వరసలుగా కింద కూర్చున్నాం. అన్నం గంపల్లో తెస్తున్నారు, సాంబారు బకెట్లలో. మంచినీళ్లు పోసేవాళ్లు వెనక వస్తున్నారు. మా వరసకి వచ్చినాయన పచ్చటి మనిషి, కళ్లజోడు, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచాడు. బ్రాహ్మలబ్బాయి, ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం అని తర్వాత తెలిసింది. ఆయన జగ్గు వంచబోయేసరికి మా అమ్మ గ్లాసు వదిలేసి, ఒంగి, రెండు చేతులూ దోసిలి పట్టింది. ఊళ్లో పెద్దిళ్ల దగ్గర ఆవిడకి నీళ్లు ఎప్పుడూ అలాగే పోశారు, ఎత్తు నుంచి, దోసిట్లోకి, అంటకుండా. ఇంకో అలవాటు లేదు ఆవిడకి. ఆయన ఓ క్షణం ఆగాడు. తర్వాత గొంతుక్కూర్చుని, నేల మీది గ్లాసు తన చేత్తో తీసి, నీళ్లు నింపి, ఆవిడ చేతికిచ్చాడు. వరసంతా అయ్యాక వచ్చి మా పక్కనే చాప మీద కూర్చుని మా అమ్మ పెట్టిన కంచంలో తిన్నాడు. మా అమ్మ ఆ పూట అన్నం సరిగా తినలేదు. తిరుగు బండిలో మా నాన్నతో ఒకటే మాట అంది: మనం ఇంక ఈ సంఘమే.

సిద్ధాంతం గిద్ధాంతం తర్వాత. మా ఇంట్లో హెబ్రోను అలా అడుగుపెట్టింది.

కూటాల్లో ఒకరోజు ఊరేగింపు ఉండేది. వాక్యాలు రాసిన అట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటూ నగరమంతా నడిచేవాళ్లం. సీయోను గీతములు పుస్తకం చంకలో ఉండాల్సిందే. నాకు కాళ్లు పీకిన సంగతి తప్ప ఇంకేం చెప్పలేను దాని గురించి.

ఏమిటి, కులం అంతటితో పోయిందా అంటావా? మంచి ప్రశ్న వేశావు బాబూ. పోలేదు. పంక్తిలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు వియ్యం దగ్గరికొచ్చేసరికి మెల్లగా జరిగారు. ఆరాధన అయ్యాక చెట్టుకింద చేరి, పిల్లవాడు రక్షణ పొందినవాడేనా అని ముందు అడుగుతారు, మీ అసలు వాళ్లెవరు అని వెనక అడుగుతారు. మా చెల్లెలి సంబంధం దగ్గర నేనే విన్నాను. బ్రదర్ గారు దీని మీద గట్టిగానే చెప్పేవారు. విన్నవాళ్లు విన్నారు, కులం దాటి పెళ్లిళ్లు చేసుకున్నారు, వాళ్ల పిల్లలు మా కళ్లముందే పెరిగారు. విననివాళ్లే ఎక్కువ. ఇంకోటి కూడా చెప్పాలి. మేమే అసలైన సంఘం, మిగతావన్నీ మనుషులు కట్టినవి అనే గర్వం మాలో కొందరికి తలకెక్కింది. గోడలు వద్దని బయటికొచ్చినవాళ్లు కొత్త గోడ కట్టుకోవడం ఎంతసేపు?

చివరి రోజుల్లో బ్రదర్ గారికి పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. ఏళ్ల తరబడి మంచంలోనే ఉన్నారు. గంటలకొద్దీ మోకాళ్ల మీద ఉండే మనిషి పక్కకి తిరగడానికి కూడా ఒకరి సాయం కావాల్సొచ్చింది. 2000 సెప్టెంబర్ 17న హెబ్రోనులోనే కన్నుమూశారు. నారాయణగూడ శ్మశానానికి తీసుకెళ్తుంటే జనం లక్షల్లో వచ్చారు. సొంత ఆస్తి అని చెప్పుకోవడానికి ఏమీ మిగల్చలేదు.

ఇక మన అబూ హమూర్ సంగతి. 2008 మార్చిలో ఇక్కడ క్యాథలిక్కుల చర్చి తెరిచేదాకా ఈ దేశంలో క్రైస్తవులకి చర్చి కట్టడమంటూ లేదు. అప్పటి అమీర్ షేక్ హమద్ గారు స్థలం ఇచ్చారు. ఇప్పుడు ఆ ఆవరణలో ఆంగ్లికన్లు, ఆర్థడాక్సులు, మనలాంటి చిన్న చిన్న సంఘాలు, అందరూ ఉన్నారు. బయటికి శిలువ కనపడదు, గంట మోగదు. ఒక భాషవాళ్లు లేస్తే ఇంకో భాషవాళ్లు అదే హాల్లోకి వస్తున్నారు. గోపురం లేదని మనవాళ్లలో కొందరు చిన్నబుచ్చుకుంటారుగాని బ్రదర్ గారైతే పట్టించుకునేవారు కాదు. చాపేసుకునేంత చోటుంటే ఆయనకి చాలు.

నాకు నచ్చనిది ఇంకోటుంది. పొద్దున ఆరాధన అవగానే చూశాను. ఇంజనీర్లు, మేనేజర్లు పిల్లల్ని కార్లెక్కించుకుని మాల్‌కి వెళ్లిపోయారు. ఇండస్ట్రియల్ ఏరియా కూలీల క్యాంపుల నుంచి వచ్చిన కుర్రాళ్లు, కరీంనగర్ వాళ్లు, రాజోలు వాళ్లు, గేటు బయట బస్సు కోసం నిలబడ్డారు. ఆరాధన కలిసే చేశారు, భోజనం దగ్గర విడిపోయారు. ఇందాక చెప్పిన ఆ వచనంలోని నాలుగిట్లో రెండోది సహవాసం, మరి అదెక్కడ?

ఫిబ్రవరిలో నా తిరుగు టిక్కెట్టు. ఈలోగా ఒక్క శుక్రవారం ప్రేమవిందు పెట్టండి. చర్చి ఆవరణలో వండటానికి కుదరకపోతే ఈ పెరడుంది, మా కోడల్ని నేను ఒప్పిస్తాను. క్యాంపుల నుంచి ఆ కుర్రాళ్లని తీసుకురావడానికి కార్లు మీవి, బియ్యం ఖర్చు నాది. కుర్చీలు వద్దు, చాపలు కొనండి. వడ్డన మాత్రం మేనేజర్లు చెయ్యాలి.