నాసిక్ వైనరీల సందర్శన

మహారాష్ట్రలోని నాసిక్ పరిసరాల్లో ద్రాక్షతోటలు, వైన్ తయారీ చూసి, అక్కడి వైన్‌లను రుచి చూసే పర్యాటకం. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు, శీతకాలపు చల్లని రాత్రులు ద్రాక్షకు అనుకూలిస్తాయి. 2001లో రాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి విధానం ప్రకటించాక వైనరీలు పెరిగాయి. పెద్ద సంస్థ సూలా 2005లో సందర్శకుల కోసం రుచిశాల తెరిచింది. గంగాపూర్ జలాశయం చేరువలోని యార్క్ వంటి చిన్న వైనరీలూ చూడదగ్గవి. వానలు తగ్గాక తీగలు కత్తిరిస్తారు. కోత ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. సందర్శనకు అదే మేలైన కాలం.

రుచి చూడటం సాధారణంగా షెనిన్ బ్లాంక్ వంటి తేలికపాటి తెల్ల వైన్‌లతో మొదలై, షిరాజ్ వంటి గాఢమైన ఎర్ర వైన్‌లతో ముగుస్తుంది. ముందు రంగు చూస్తారు. పరిమళం విడివడేలా గ్లాసు తిప్పి వాసన చూస్తారు. ఆపై చిన్న గుక్క తీసుకుంటారు.