గీతలు కనిపించని గొట్టం

డిసెంబరు నెల. ఆసిఫాబాద్ దాటి కెరమెరి వైపు పోయే దారిలో ఒక ఆశ్రమ పాఠశాల. ఇంకా తెల్లవారలేదు. తెలంగాణలో చలి ఎక్కడ ఎక్కువని ఎవరు చెప్పినా ఈ చుట్టుపక్కల పేర్లే ముందు వినిపిస్తాయి: సిర్పూర్ (యు), తిర్యాణి. నీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి, వేళ్లు కొంకర్లు పోతాయి. పిల్లలు కేకలు పెడుతూ, ఒకరినొకరు తోసుకుంటూ మగ్గులతో కుమ్మరించుకుంటున్నారు. ఒక్క పిల్లాడు మాత్రం టవల్ కప్పుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చదివేది ఎనిమిదో తరగతి, చూస్తే ఐదో తరగతి పిల్లాడిలా ఉన్నాడు. కంటి తెల్లగుడ్డు లేత పసుపు.

"తానం జెయ్యవా?"

"కాళ్లు గుంజుతున్నయ్ సార్."

నిన్న సాయంత్రం వీడు కబడ్డీ ఆడాడు. ఇప్పుడు చూస్తే కాలుకు దెబ్బ లేదు, వాపు లేదు, ఒళ్లు కాలడం లేదు. చలికి సాకు చెబుతున్నాడని అనుకోవడం ఎంత తేలికో మీకే తెలుస్తుంది. వాడి ఎముకల్లో ఏం జరుగుతున్నదో మాత్రం బయటికి కనిపించదు. చలికి రక్తనాళాలు ముడుచుకున్నాయి. ఆటలో చెమట పోయింది, రాత్రి నీళ్లు తాగలేదు. గుండ్రంగా, మెత్తగా జారిపోవాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగి గట్టిపడి సన్నని నాళాల్లో ఇరుక్కుంటున్నాయి. రక్తం అందని చోట ఎముక నొస్తుంది. ప్రసవపు నొప్పులూ ఇవీ రెండూ పడిన ఆడవాళ్లలో ఇవే ఎక్కువని చెప్పేవాళ్లున్నారు.

వాడి పరుపు కూడా తడిసి ఉంది. పక్క మంచం పిల్లలు నవ్వుతున్నారు. సికిల్ సెల్ అనే ఈ జబ్బులో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. పిల్లలకు మాటిమాటికీ మూత్రం వస్తుంది, రాత్రి పక్క తడుస్తుంది. సాయంత్రం నుంచే నీళ్లు మానెయ్యమని పెద్దవాళ్లు చెబుతారు. నీళ్లు మానేస్తే నొప్పి వస్తుంది. నాకు ఈ జబ్బులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే: పిల్లాడు సిగ్గుపడి చేసే పనే వాణ్ణి మంచాన పడేస్తుంది.

పది గంటలకు తరగతి గదిలో బెంచీలు పక్కకు జరిపారు. నర్సమ్మ, ల్యాబ్ టెక్నీషియన్, ఊరి ఆశా వచ్చారు. సికిల్ సెల్ పరీక్షలు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమంలో తెలంగాణతో కలిపి 17 రాష్ట్రాలున్నాయి. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు వాళ్లను 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047కల్లా ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యం. ఆ పెద్ద అంకె ఈ గదిలో ఒక సూది, ఒక రక్తపు చుక్క, ఒక గాజు గొట్టం.

దగ్గరికి రండి. చుక్కను మందునీళ్లలో కలిపి ఊపారు. కొద్ది నిమిషాలు ఆగి, గొట్టం వెనక నల్లగీతలున్న కాగితం పెట్టారు. మొదటి పిల్లది: గీతలు స్పష్టం. రెండోది: స్పష్టం. టవల్ పిల్లాడిది: మబ్బు పట్టినట్టు ఉంది, గీతలు లేవు. కబురు అందుకుని పొద్దునే వచ్చిన తల్లి కూడా వేలు చాపింది. ఆమె గొట్టంలోనూ గీతలు లేవు.

ఆమె ముఖం మారిపోయింది. నర్సమ్మ తొందరగా అందుకుంది: "ఆగు అక్కా. గీతలు కనవడకపోతే ఎస్ ఉన్నదని తెలుస్తది. ఎంతున్నదో దీనితోటి తెల్వది."

ఇంకో కిట్ తీశారు. తల్లికి ఎ (మామూలు హిమోగ్లోబిన్), ఎస్ (కొడవలి రకం) రెండూ వచ్చాయి. కొడుకుకు ఎస్ ఒక్కటే. ఖాయం చేసుకోవడానికి నమూనా పెద్ద ల్యాబ్‌కు పోతుంది. తల్లి రోగి కాదు, వాహకురాలు. ఆమె పొలం పని చేస్తుంది, కొండ ఎక్కుతుంది, నలుగురు పిల్లల్ని కన్నది. ఒక్క ఎస్ జన్యువే ఉన్నవాళ్లకు ప్రమాదకరమైన మలేరియా నుంచి కొంత కాపుదల ఉంటుందని 1954లో ఆలిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. తరతరాలు దోమల మధ్య బతికిన అడవి జనంలో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. గోండులో, కోలాములో తప్పు చేసినందుకు వచ్చింది కాదు, దయ్యం పట్టి వచ్చింది అసలే కాదు.

వరండాలో గోండుల ఊరిపెద్ద, పట్ల, కూర్చుని ఉన్నాడు. "రాం రాం" అని పలకరిస్తే లేచి చేతులు జోడించాడు. ఆయన అనుమానం ఆయనది. "మేము ఎన్ని దేవుళ్లో అడిగే పిల్లనిస్తం సార్. నాలుగు దేవుళ్లోళ్లు నాలుగు దేవుళ్లోళ్లను చేసుకోరు. మరి ఎట్లొచ్చింది?"

నేను విన్నవాటిలో ఇంత సూటి ప్రశ్న ఇంకొకటి లేదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు, అంటే వంశాలు. ఒకే సగలో అందరూ అన్నదమ్ములే. ఇంత కట్టుబాటు ఉన్నా ఎస్ ఆగలేదు, ఎందుకంటే అది అన్ని సగల్లోనూ ఉంది. నాలుగు దేవుళ్ల అబ్బాయికీ ఆరు దేవుళ్ల అమ్మాయికీ సంబంధం సక్రమమే. ఇద్దరూ వాహకులైతే మాత్రం పుట్టే పిల్లలకు ప్రమాదం తప్పదు. మేనమామ కూతురైతే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. దేవుళ్లు అడిగే చోటే సికిల్ సెల్ పరీక్ష కార్డు కూడా అడగండి అని నర్సమ్మ చెబుతుంటే పట్ల తల ఊపాడు. గోండుల పంచాయతీ అయిన రాయి సెంటర్‌లో, దాని పెద్ద సార్మేడి ముందు ఈ మాట పెడతానన్నాడు. నాకు ఇందులో ఒక భయం ఉంది. కార్డు చూసి ఆడపిల్లనే వద్దనడం మొదలవుతుందని. అడగాల్సింది ఇద్దరి కార్డులు. ఒకరిది సాధారణమైతే జబ్బున్న బిడ్డ పుట్టదు.

లోపల తల్లికి పాఠం నడుస్తోంది. ఇది ఇనుము తక్కువై వచ్చిన రక్తహీనత కాదు, బలం టానిక్కుతో పోదు. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, వీడిది పది, ఇరవై రోజులే. రోజూ ఫోలిక్ యాసిడ్ గోళి. డాక్టర్ చూసి హైడ్రాక్సీయూరియా రాస్తే నొప్పులు తగ్గుతాయి, మధ్యమధ్యలో రక్తపరీక్ష ఉండాలి. నర్సమ్మ తల్లి చెయ్యి పట్టుకుని కొడుకు ఎడమ పక్కటెముక కింద పెట్టించింది. "గిక్కడ ఒత్తి జూడు. గడ్డ లెక్క పెరిగినట్టు తగిలితే, మొఖం పాలిపోతే ఆగకు. జొరమొచ్చినా పసరు కోసం తిరగకు. ఆటో ఎక్కు." ఆసిఫాబాద్‌లో 2023 నుంచి వైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ పోవాల్సి వస్తే తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ జబ్బు కూడా ఒకటి. సర్టిఫికెట్‌కు ఎలా పెట్టుకోవాలో ఆశా రాసిచ్చింది.

వార్డెన్ తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు. వాడికి వేడినీళ్లు, రెండు దుప్పట్లు, బెంచీ మీద నీళ్ల సీసా, అడగకుండానే మూత్రానికి లేచి పోయే వీలు. నోటుపుస్తకంలో రాసుకుని, కింద గీత గీసి ఇంకోటి చేర్చాడు: నొప్పి అంటే నమ్మాలి.

తల్లి లేవబోయి ఆగింది. "నలుగుట్ల ఒక్కనికి వస్తదంటివి. వీనికి వచ్చింది గదా. మిగిలినోళ్లు బచాయించినట్టేనా?"

"అట్ల గాదు అక్కా. ఏ కాన్పుకు ఆ కాన్పే. ప్రతిసారీ నలుగుట్ల ఒకటి."

తల్లి ఒక్క క్షణం లెక్క వేసుకుంది. మెట్ల మీద సీతాఫలం గింజలతో ఆడుకుంటున్న ఆరేళ్ల బిడ్డను పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని వరసలో నిలబెట్టింది.