జుర్రేరు బూడిద, సైకిలు దారి

బనగానపల్లె పక్కన జ్వాలాపురంలో తవ్వి తీసిన తెల్లటి మెత్తటి పొడి చాలా ఏళ్ళపాటు అంట్లు తోమే పొడుల్లోకి పోయింది. చూడటానికి సున్నమనిపిస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే మాత్రం గరగరలాడుతుంది, ఎందుకంటే అది గాజు. కంటికి ఆనని అగ్నిపర్వతపు గాజు పెంకులు. పుట్టింది ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, టోబా అనే చోట. బంగాళాఖాతం మీదుగా గాలిలో 2,600 కిలోమీటర్లు వచ్చి జ్వాలాపురం ఉన్న ఈ జుర్రేరు లోయలో దిగింది. దిగి 74 వేల ఏళ్ళయింది.

అగ్నిపర్వతాల నేలమీద సైకిలు తొక్కడం ప్రపంచంలో కొందరికి పెద్ద వేడుక. హవాయిలోని వాల్కనోస్ నేషనల్ పార్కు 1916లో ఏర్పడింది. అందులో చైన్ ఆఫ్ క్రేటర్స్ అనే రోడ్డు కొండ మీదనుంచి సముద్రం దాకా దిగుతుంది. దిగువ కొసలో తారురోడ్డు ఉన్నట్టుండి గడ్డకట్టిన నల్లటి లావా కిందికి దూరి కనపడకుండా పోతుంది. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో టెయిదె అగ్నిపర్వతం చుట్టూ 1954లో పార్కు పెట్టారు. టూర్ ద ఫ్రాన్స్ పందెగాళ్ళు ఏటా ఆ ఎత్తుల మీదికి వచ్చి సాధన చేసుకుని పోతుంటారు. మన కర్నూలు సీమలో అలాంటి పార్కూ లేదు, పొగలు కక్కే కొండా లేదు. బూడిద ఉంది, దాని పక్కనుంచి పోయే రోడ్డు ఉంది. కల్లూరులో తెల్లవారుజామున సైకిలెక్కి ఓర్వకల్లు, బేతంచెర్ల మీదుగా బనగానపల్లె చేరే దారిని హవాయి రోడ్డు సరసన నిలబెట్టడానికి నాకు మొహమాటమేమీ లేదు. అక్కడి లావా వయసు పదుల ఏళ్ళు. ఇక్కడి బూడిద మనుషుల చేతిపని మీద దుప్పటి కప్పినట్టు పడి, ఆ పనిని మనకోసం దాచిపెట్టింది.

కల్లూరంటే ఇప్పుడు కర్నూలులో కలిసిపోయిన పేట. ఉగాది పండగకు చౌడేశ్వరమ్మ గుడి చుట్టూ బురదలో ఎద్దుల బండ్లనూ గాడిదలనూ తిప్పే ఊరు. బండి చక్రానికి ఇంత మర్యాద జరిగే చోట మొదలుపెట్టడం బాగానే ఉంటుంది. అక్కడినుంచి ఓర్వకల్లు దాకా జాతీయ రహదారి, ఆ రోడ్డు గురించి చెప్పుకోవడానికి లారీలు తప్ప ఏమీ లేవు. ఓర్వకల్లు రాతివనం దాటాక లోపలి దారి పట్టాలి. కాల్వబుగ్గలో ఊటనీళ్ళు కోనేట్లోకి పారుతుంటాయి, ముఖం కడుక్కుని కాసేపు కూర్చోవచ్చు. ఆ తర్వాత నేల రంగు మారుతుంది. బేతంచెర్ల దగ్గరపడే కొద్దీ రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ళ గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, అరిగిన బండల గుట్టలు. ఆ రాయంతా ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నం. ఈ రాతిపొరల మీద విలియం కింగ్ రాసిన గ్రంథాన్ని భారత భూవిజ్ఞాన సర్వే 1872లో అచ్చువేసింది. కర్నూలు, కడప పేర్లు భూగర్భశాస్త్రంలో స్థిరపడింది అలాగే.

మన సీమకు సొంత అగ్నిపర్వతాలు లేవనుకోకూడదు. వేంపల్లె, పులివెందుల దిక్కున సున్నపురాతి పొరల నడుమ లావా గడ్డకట్టిన నల్లరాయి కనబడుతుంది, పులివెందుల దగ్గరి రాయికి సుమారు 190 కోట్ల ఏళ్ళని లెక్కతేల్చారు. అనంతపురం జిల్లా వజ్రకరూరులో భూమి లోతుల్లోంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన గొట్టాలు కూడా అగ్నిపర్వతాలవే, వాటి వయసు 110 కోట్ల ఏళ్ళ దాకా ఉంటుంది. తొలకరి పడితే చేలల్లో వజ్రాలకోసం తలలు వంచుకుని తిరిగే జనం వెతుకుతున్నది ఒక విధంగా ఆ పాత మంటల మిగులునే. అయితే అవన్నీ మనిషి పుట్టకముందటి కథలు. జుర్రేరు బూడిద పడేనాటికి ఇక్కడ మనుషులున్నారు.

ఆ మనుషుల జాడ కోసం మొదట వెదికింది గుహల్లో. బేతంచెర్లకు దగ్గర్లోని బిల్లసర్గం గుహల గురించి కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత, యూరపు గుహల్లో మాదిరి ఇక్కడా పాతకాలపు ఎముకలు దొరుకుతాయేమో చూడమని ఇంగ్లండు నుంచి థామస్ హక్స్‌లీ మద్రాసు గవర్నరును తొందరపెట్టాడు. ఆ పని రాబర్ట్ బ్రూస్ ఫుట్ మీద పడింది. 1863లో పల్లావరంలో రాతిగొడ్డలి ఏరి, ఈ దేశంలో పాతరాతియుగం ఉందని చూపించిన మనిషి ఆయనే. 1884, 85లలో ఆయనా, సైన్యంలో పనిచేసే ఆయన కొడుకూ బిల్లసర్గంలో తవ్వారు. బయటపడిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. దానికి లైడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు కర్నూలు పేరే పెట్టాడు. ఇప్పుడు ఆ గుట్టల్లో మేకలు తప్ప మరేవీ కనబడవు గానీ, ఒకప్పుడు ఇక్కడ ఖడ్గమృగం మేసేంత పచ్చిక ఉండేదన్నమాట.

ఫుట్ గారబ్బాయి గుహల్లో తవ్విస్తున్న 1885లోనే ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అనే సైకిలును బయటికి తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను. మూడేళ్ళకు డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తర్వాత మన ఊళ్ళలో తిరిగిన హెర్క్యులస్, అట్లాస్, హీరో బండ్లన్నీ ఆ వంశంలోవే.

ఆ వంశానికి మూలపురుషుడు కార్ల్ ద్రాయిస్ అనే జర్మన్. 1817 జూన్ 12న మాన్‌హైమ్ ఊళ్ళో పెడల్సు లేని రెండు చక్రాల కొయ్యబండి ఎక్కి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయి, పోనురాను పద్నాలుగు కిలోమీటర్ల లోపు దూరాన్ని గంటలోపే ముగించాడు. అలాంటి బండి ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్నకు హాన్స్-ఎర్‌హార్డ్ లెస్సింగ్ అనే చరిత్రకారుడు ఒక జవాబు చెప్పాడు. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని సుంబావా దీవిలో టాంబోరా అగ్నిపర్వతం పేలింది. దాని ధూళీ గంధకపు పొగా ఆకాశానికెక్కి, 1816లో యూరపుకు వేసవే లేకుండా పోయింది. ఓట్స్ పంట పండలేదు, మేత ధర మండిపోయింది, గుర్రాలను సాకలేక జనం వదిలించుకున్నారు. గుర్రం లేని సవారీ మీదికి ద్రాయిస్ మనసు పోవడానికి అదే కారణమంటాడు లెస్సింగ్. ఒప్పుకోనివాళ్ళున్నారు. నేరుగా ద్రాయిస్ రాసిపెట్టిన మాటేదీ దీనికి ఆధారంగా లేదు కాబట్టి, నేనైతే దీన్ని బలమైన అనుమానంగా ఉంచుకుంటాను. నిజమే అయితే మాత్రం, బనగానపల్లె రోడ్డు మీద సైకిలు తొక్కేవాడి కింద ఒక ఇండోనేషియా అగ్నిపర్వతం పుట్టించిన బండి, దానికింద మరో ఇండోనేషియా అగ్నిపర్వతం పంపిన బూడిద.

టోబా ముందు టాంబోరా చిన్నది. టోబా కక్కిన శిలాద్రవం సుమారు 2,800 ఘనపు కిలోమీటర్లని అంచనా. పేలాక కూలిన గుంతలో ఇప్పుడున్న సరస్సు పొడవు వంద కిలోమీటర్లు, వెడల్పు ముప్ఫై. దాని బూడిద భారతదేశమంతటా పడింది. పడింది కొన్ని సెంటీమీటర్లే, దాన్నీ వానలు చాలాచోట్ల కడిగేశాయి. జుర్రేరు లోయలో అప్పుడు నీరు నిలిచే పల్లం ఉండేది. చుట్టూ గుట్టల మీద పడ్డదంతా కొట్టుకొచ్చి ఆ పల్లంలో చేరింది. అందుకే ఇక్కడ బూడిద పొర రెండు, రెండున్నర మీటర్ల మందం దాకా ఉంది. గాజు పెంకుల రసాయనపు కూర్పును టోబా రాళ్ళతో పోల్చి అది ఎక్కడిదో తేల్చారు. అలా గుర్తుపట్టడం మన దేశంలో 1980లలో మధ్యప్రదేశ్‌లోని సోన్ నది లోయతో మొదలైంది.

జ్వాలాపురానికి పేరు తెచ్చింది ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా కలిసి జరిపించిన తవ్వకాలు. పొడి కోసం తవ్విన గుంటలే వాళ్ళకూ అక్కరకొచ్చాయి, గోడలో పొరలు తేటగా కనబడతాయి కదా. కింద మట్టి, నడుమ తెల్లటి బూడిద, పైన మళ్ళీ మట్టి. బూడిదకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండింటి తీరూ చాలామటుకు ఒకటే. 2007 జూలైలో సైన్స్ పత్రికలో ఈ సంగతి వచ్చాక పెద్ద వాదన లేచింది. అంతకుముందు 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ అనే పరిశోధకుడు, టోబా దెబ్బకు మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయి కొన్ని వేలమందే మిగిలారన్నాడు. జ్వాలాపురం ఆ మాటకు ఎదురు నిలబడింది. ఆ పనిముట్లు చేసింది మనబోటి మనుషులేనా, అంతకు ముందటి జాతివాళ్ళా అన్న తగవు ఇంకా తెగలేదు, ఎందుకంటే ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు.

నన్ను పట్టి నిలిపింది మాత్రం బూడిద కింద దొరికిన చిన్న ఎర్రరాయి ముక్క. మన ఇళ్ళ అరుగులకు పూసే జాజు లాంటిదే. దాని మీద రుద్దిన గీతలున్నాయి. దేనికి రుద్దారో, ఒంటికి పూసుకున్నారో తోలుకు పట్టించారో, ఎవరైనా ఊహించుకోవలసిందే. అదే ఊరి దగ్గరి ఒక రాతిచూరు కింద దాదాపు 35 వేల ఏళ్ళ కిందట మొదలై వేల ఏళ్ళు సాగిన సూక్ష్మరాతి పనిముట్ల పొరలు బయటపడ్డాయి. లోయను జనం వదిలిపెట్టలేదు.

బూడిదను అమ్ముకున్న రైతును తప్పుపట్టడం నాకు చేతకాదు. వాన చాలని పొలంలో పండని పంటకన్నా లారీకెత్తిన పొడికి డబ్బు ముందొస్తుంది. కానీ తవ్విపోసిన ప్రతి గుంటతోపాటు ఆ కిందా పైనా ఉన్న పొరల వరస చెదిరిపోతుంది, చెదిరాక ఏ పనిముట్టు ఏ కాలానిదో చెప్పే దిక్కు ఉండదు. బనగానపల్లెకు వచ్చే బయటి జనంలో చాలామంది నవాబు బంగళాను సినిమా పేరుతో ‘అరుంధతి కోట’ అని పిలుచుకుంటూ ఫొటోలు దిగి పోతారు. ఆ తర్వాత రవ్వలకొండ మీది బ్రహ్మంగారి గుహ, యాగంటి బసవన్న. అదే చుట్టులో జ్వాలాపురం ఒక మజిలీ అయితే, గట్టు పక్కన చెట్టు నీడలో చాయ్ అమ్మేవాళ్ళకూ రెండు రూపాయలు మిగులుతాయి, ఒక గుంట గోడనైనా అలాగే ఉంచాలన్న ఆలోచన పుడుతుంది. సైకిలువాళ్ళు దీనికి సరిపోయిన అతిథులు, లోయ దారుల్లో దుమ్ము లేపకుండా పోతారు.

పోవాలనుకునేవాళ్ళకు కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఆషాఢంలో పడమటి గాలి దక్షిణంగా పోయేవాళ్ళను కుడిచేతి వైపునుంచి ఈడ్చి కొడుతుంది, నాపరాళ్ళ లారీ పక్కనుంచి దాటినప్పుడు హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి. బేతంచెర్ల దాటాక నీళ్ళ సీసాలు నింపుకునే అవకాశం తక్కువ. బండల పొట్టు టైర్లను కోస్తుంది కాబట్టి రెండు ట్యూబులు వెంట ఉండాలి. గుంటల అంచుకు పోకూడదు, వాన పడ్డాక ఆ గట్లు నమ్మడానికి లేదు. కాళ్ళలో సత్తువ ఉంటే మర్నాడు కొలిమిగుండ్ల వైపు దిగి బెలూం గుహలు చూసుకోవచ్చు. లేకుంటే తిరుగు ప్రయాణానికి రైలుంది. బేతంచెర్ల, పాణ్యం పాత స్టేషన్లు. బనగానపల్లెకు నంద్యాల, ఎర్రగుంట్ల లైను మీద 2016లో రైలు వచ్చింది, రోజుకు తిరిగే బండ్లు తక్కువ గనుక వేళలు ముందే కనుక్కోవాలి.