డిసెంబరు తీర్పులు

1935లో న్యూయార్క్ దినపత్రికల్లో సినిమా సమీక్షలు రాసేవారు కొందరు కలిసి న్యూయార్క్ ఫిల్మ్ క్రిటిక్స్ సర్కిల్ అనే సంఘం పెట్టుకున్నారు. అప్పటికి ఆస్కార్ పుట్టి ఎంతో కాలం కాలేదు. ఎంజీఎం స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ చొరవతో 1927లో ఏర్పడిన, ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీ మీద స్టూడియోల తొత్తు అన్న ముద్ర బలంగా ఉండేది. నటుల, రచయితల, దర్శకుల సంఘాలకు దాని పొడ గిట్టేది కాదు. తీసినవాళ్లే తమకు తాము బహుమతులు పంచుకుంటున్నప్పుడు, చూసి రాసేవాళ్ల మాట కూడా ఒకటి ఉండాలన్నది న్యూయార్క్ విమర్శకుల ఆలోచన.

ఆ తొలి ఏడాది వారు ఉత్తమ చిత్రంగా ‘ది ఇన్ఫార్మర్’ను, దర్శకుడిగా దాన్ని తీసిన జాన్ ఫోర్డ్‌ను ఎంచుకున్నారు. 1936 మార్చిలో అకాడమీ ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’కి పట్టం కట్టినా, దర్శకత్వానికి మాత్రం ఫోర్డ్ పేరే చెప్పింది. ‘ఇన్ఫార్మర్’ రచయిత డడ్లీ నికల్స్ సంఘాల తగాదా కారణంగా తన ఆస్కార్‌ను తిరస్కరించారు. విమర్శకుల తీర్పు ముందు, పరిశ్రమ తీర్పు తరవాత అనే వరస అప్పుడే స్థిరపడింది. అప్పట్లో అందులో వ్యూహమేమీ లేదు. ఏడాది ముగిసింది, చూసిన సినిమాల లెక్క తేల్చాలి, అంతే. పత్రికకు ఏడాది చివర అలాంటి సరుకు ఎలాగూ కావాలి.

ఓటింగు మాత్రం ఆషామాషీగా జరిగేది కాదు. 1939లో ‘గాన్ విత్ ది విండ్’ పక్షం ఒకవైపు, ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’ పక్షం మరోవైపు పట్టు పట్టాయి. విడత మీద విడతగా ఓట్లు వేసినా ఎటూ తేలలేదు. చివరికి ఎవరికీ మొదటి ఎంపిక కాని ‘వుదరింగ్ హైట్స్’ దగ్గర రాజీ పడ్డారు. విమర్శకుల సంఘాలు ఉమ్మడిగా చెప్పే మాటలో ఇలాంటి రాజీ పాలు ఎంతో కొంత ఎప్పుడూ ఉంటుంది. కాలం ధ్రువపరచిన తీర్పులూ లేకపోలేదు. 1941లో వాళ్లు ‘సిటిజన్ కేన్’ను ఎన్నుకుంటే ఆస్కార్ ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’కి వెళ్లింది.

ఈ అవార్డు పత్రికతో ఎంత ముడిపడి ఉండేదో 1962 చెబుతుంది. ఆ డిసెంబరులో న్యూయార్క్ పత్రికల అచ్చు కార్మికులు సమ్మెకు దిగారు. అది వసంతం దాకా సాగింది. పత్రిక లేదు కనుక ఆ ఏడాది సర్కిల్ అవార్డులూ లేవు.

సర్కిల్‌లో దినపత్రికల వారికే చోటు ఉండేది. వారపత్రికల్లో, మాసపత్రికల్లో రాసేవారు బయటే మిగిలారు. 1966లో వాళ్లు తమకంటూ నేషనల్ సొసైటీ ఆఫ్ ఫిల్మ్ క్రిటిక్స్ పెట్టుకున్నారు. హాలిస్ ఆల్పర్ట్, రిచర్డ్ షికెల్, జో మోర్గన్‌స్టర్న్, పాలిన్ కేల్ వంటివారు అందులో ఉన్నారు. తొలి ఏడాది ఆంటోనియోనీ ‘బ్లోఅప్’ను, మరుసటి ఏడాది బెర్గ్‌మన్ ‘పెర్సోనా’ను ఎంచుకున్నారు. హాలీవుడ్‌కు సంకేతాలు పంపే ఉద్దేశం ఆ ఎంపికల్లో కనిపించదు. కొత్త సంవత్సరం వచ్చాక, జనవరి మొదట్లో ఓటు వేసే అలవాటును ఈ సంఘం నిలబెట్టుకుంది. ఏడాది సినిమాలన్నీ విడుదలయ్యాకే మాట్లాడడం మర్యాద అనుకుంటే, ఆ మర్యాదకు మూల్యమూ ఉంది. వాళ్లు నోరు విప్పేసరికి పత్రికల శీర్షికలు మరొకరికి అందిపోయి ఉంటాయి.

తేదీకి ఎంత బలం ఉందో మొదటిసారి బాహాటంగా తేల్చింది లాస్ ఏంజలెస్. అక్కడి విమర్శకుల సంఘం 1975లో పుట్టింది. పదేళ్ల తరవాత టెర్రీ గిలియం తీసిన ‘బ్రెజిల్’ దాని ముందుకు వచ్చింది. ఆ సినిమా 1985 ఆరంభంలోనే యూరప్‌లో 142 నిమిషాల నిడివితో విడుదలైంది. అమెరికా హక్కులున్న యూనివర్సల్ సంస్థలో అధికారం సిడ్నీ షైన్‌బర్గ్‌ది. సినిమా బాగా తగ్గాలి, ముగింపు సుఖాంతం కావాలి అని ఆయన పట్టు. స్టూడియో మనుషులు గంటన్నర నిడివి వెర్షనొకటి విడిగా కూర్చారు కూడా. గిలియం కోర్టుకు పోలేదు. ‘వెరైటీ’ పత్రికలో నల్లటి అంచుతో ఒక పూర్తి పేజీ కొన్నారు. దాదాపు ఖాళీగా వదిలిన ఆ పేజీ నడుమ షైన్‌బర్గ్‌ను పేరు పెట్టి పలకరిస్తూ, నా సినిమా ఎప్పుడు విడుదల చేస్తావని ఒకే ఒక్క ప్రశ్న. ఆ తరవాత లాస్ ఏంజలెస్ విమర్శకులకు గుట్టుగా ప్రదర్శనలు మొదలయ్యాయి.

సినిమా నగరంలో విడుదలై ఉండాలన్న షరతు తమ నియమావళిలో లేదని సంఘ సభ్యులు గమనించారు. డిసెంబరులో ఓటింగు జరిగింది. ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే మూడూ ‘బ్రెజిల్’కే. యూనివర్సల్‌కు ఇక దాచే వీలు లేకపోయింది. ఆ నెలలోనే, ఆస్కార్ అర్హత గడువు దాటకుండా, గిలియం ఒప్పుకున్న నిడివితోనే సినిమాను థియేటర్లకు పంపింది. ఆస్కార్ దగ్గర దానికి దక్కినవి రెండు నామినేషన్లే. ఆ ఏడాది ఉత్తమ చిత్రం ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’, అదీ యూనివర్సల్‌దే. కాబట్టి షైన్‌బర్గ్ పూర్తిగా ఓడిపోయారని చెప్పలేం. కానీ ఒక విమర్శకుల సంఘం సినిమాను మెచ్చుకోవడమే కాక పెట్టెలోంచి బయటికి లాగిన ఉదాహరణ ఇది. ఇదే ఓటు ఫిబ్రవరిలో పడి ఉంటే ఈ ఒత్తిడి పుట్టేది కాదు.

ఇక్కడ గడువు సంగతి చెప్పుకోవాలి. ఆస్కార్‌కు పోటీ పడాలంటే సినిమా డిసెంబరు 31లోగా లాస్ ఏంజలెస్‌లో కనీసం వారం ఆడాలన్నది చాలాకాలం నడిచిన నియమం. ఓటర్లకు గుర్తుండాలని స్టూడియోలు తమ గంభీర చిత్రాలన్నిటినీ నవంబరు, డిసెంబరుల్లో కుక్కడం మొదలుపెట్టాయి. విమర్శకుల అవార్డు వస్తే ఆ పేరు మర్నాటి ప్రకటనలోకి ఎక్కుతుంది. 1995లో రేడియో, టీవీ సమీక్షకులు సంఘంగా ఏర్పడి ఇచ్చిన క్రిటిక్స్ ఛాయిస్ అవార్డులు ఈ వరసలో మరో మెట్టు. దానికి ఆస్కార్‌కు ముందుమాట కావడమే ధ్యేయమన్న సంగతిలో దాపరికం లేదు.

2004లో అకాడమీ తన వేడుకను మార్చి చివరి నుంచి ఫిబ్రవరి చివరికి జరిపింది. నామినేషన్లూ జనవరికి వచ్చేశాయి. ముందున్న బండి వేగం పెంచితే వెనకున్నవన్నీ పెంచక తప్పదు. అదే సీజన్‌లో మరో తగవు. పైరసీ భయంతో స్టూడియోల సమాఖ్య 2003 సెప్టెంబరు చివర, ఓటర్లకు ఇళ్లకు పంపే స్క్రీనర్ కాపీలను నిషేధించింది. తరవాత అకాడమీ సభ్యులకు సడలింపు ఇచ్చింది కానీ విమర్శకులకు ఇవ్వలేదు. లాస్ ఏంజలెస్ సంఘం నిరసనగా ఆ ఏటి అవార్డులనే రద్దు చేసుకుంది. డిసెంబరులో ఫెడరల్ జడ్జి నిషేధాన్ని నిలిపివేశాక మళ్లీ పునరుద్ధరించి, చిన్న సినిమా ‘అమెరికన్ స్ప్లెండర్’ను ఉత్తమ చిత్రంగా ఎంచుకుంది. పెద్ద స్టూడియోల సినిమాలు థియేటర్లలో ఎలాగైనా కనబడతాయి. కాపీలు ఆగితే మునిగేది ఇలాంటి చిన్న సినిమాలే అన్న విమర్శకుల వాదనకు ఆ ఎంపికే రుజువు.

పరుగు పరాకాష్ఠకు చేరింది 2011లో. అందరికంటే ముందు నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ అనే సంస్థ తన అవార్డులు ప్రకటించడం రివాజుగా ఉండగా, న్యూయార్క్ సర్కిల్ తన ఓటింగును నవంబరు 28కి జరిపింది. డేవిడ్ ఫించర్ ‘ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ’ అప్పటికి సిద్ధం కాదని తెలిసి ఇంకో రోజు ఆగింది. ‘ఎక్స్‌ట్రీమ్లీ లౌడ్ అండ్ ఇన్‌క్రెడిబ్లీ క్లోజ్’ ఆ తేదీకీ అందలేదు. సభ్యులు దాన్ని చూడకుండానే ఏడాది ఉత్తమ చిత్రాన్ని తేల్చేశారు. (ఆ చూడని సినిమాకే తరవాత ఆస్కార్ ఉత్తమ చిత్ర నామినేషన్ వచ్చింది.) ఫించర్ చిత్రాన్ని సర్కిల్ కోసం ముందే చూసిన ‘న్యూయార్కర్’ విమర్శకుడు డేవిడ్ డెన్బీ, డిసెంబరు 13 దాకా రాయకూడదన్న ఆంక్షను దాటి వారం ముందే సమీక్ష వేశారు. పెద్ద సినిమాలన్నీ చివరి వారాల్లో వచ్చి పడుతుంటే పత్రికలో చోటెక్కడన్నది ఆయన సమాధానం. నిర్మాత స్కాట్ రుడిన్ మండిపడి, ఇకపై తన చిత్రాలకు పిలిచేది లేదన్నారు. ఇద్దరి వాదనలోనూ నిజం ఉంది. తొందర రెండు వైపులా ఉన్నప్పుడు మాట తప్పింది ఎవరన్నది చిన్న విషయం. ఆ నవంబరు 29న గెలిచిన ‘ది ఆర్టిస్ట్’ మూడు నెలల తరవాత ఆస్కార్ కూడా గెలిచింది.

కొవిడ్ ఏడాదిలో అకాడమీ వేడుకను 2021 ఏప్రిల్ 25కు వాయిదా వేసింది. అర్హత గడువును ఫిబ్రవరి చివరి దాకా పొడిగించింది. క్రిటిక్స్ ఛాయిస్ వెంటనే మార్చికి జరిగింది. న్యూయార్క్, లాస్ ఏంజలెస్ సంఘాలు మాత్రం 2020 డిసెంబరులోనే ఓటు వేసి ‘ఫస్ట్ కౌ’, ‘స్మాల్ యాక్స్’లను ఎంచుకున్నాయి. అకాడమీ గడియారంతో మాకు పనిలేదని అవి ఆచరణలో చూపింది ఆ ఒక్కసారే అనిపిస్తుంది.

మూడేళ్ల నంది అవార్డులు 2017 నవంబరులో ఒక్కసారిగా ప్రకటించడం చూసిన తెలుగువారికి ఈ తేదీల పట్టింపు వింతగానే ఉండాలి. 2022లో అది మన సినిమాకే పనికొచ్చింది. ఆ సెప్టెంబరులో భారత అధికారిక ఎంట్రీగా గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ ఎంపికైంది. అంతర్జాతీయ విభాగం తలుపు మూసుకుపోయాక ‘ఆర్‌ఆర్‌ఆర్’కు మిగిలింది సాధారణ విభాగాలే. అక్కడ పేరు వినబడాలంటే అమెరికాలోనే ఎవరో ఒకరు గట్టిగా పలకాలి. డిసెంబరు 2న న్యూయార్క్ సర్కిల్ ఎస్.ఎస్. రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ప్రకటించింది. డిసెంబరు 11న లాస్ ఏంజలెస్ సంఘం సంగీతానికి ఎం.ఎం. కీరవాణి పేరు చెప్పింది. ఆస్కార్ పాటల వడపోత జాబితా వెలువడింది ఆ తరవాతే, డిసెంబరు 21న. జనవరి 10న గోల్డెన్ గ్లోబ్, 15న క్రిటిక్స్ ఛాయిస్ ఆ సినిమాలోని ‘నాటు నాటు’ పాటకు వచ్చాయి. అకాడమీ నామినేషన్ల ఓటింగు సరిగ్గా ఆ రోజుల్లోనే, జనవరి 12 నుంచి 17 దాకా సాగింది. పాట తన బలంతోనే గెలిచిందనడంలో సందేహం అక్కర్లేదు, కానీ వందల సినిమాల మధ్య ఓటరు దాన్ని వెతికి వినేలా చేసినవాటిలో ఆ తేదీలూ ఉన్నాయి. జనవరి 24న పాటకు నామినేషన్, మార్చి 12న కీరవాణికి, పాట రాసిన చంద్రబోస్‌కు ఆస్కార్. దర్శకుల విభాగపు అయిదుగురిలో రాజమౌళి పేరు మాత్రం లేదు.